మెయిల్ సర్వర్‌ని కొత్త మెషీన్‌కి మార్చే ముందు జాగ్రత్తలు

మెయిల్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్‌ని యూజర్లకి చూపే డవ్‌కాట్ ఏళ్ల తరబడి చక్కగా నడుస్తుంటాయి. అదే కాన్ఫిగరేషన్ తీసుకెళ్లి కొత్త వీపీఎస్‌లో (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్‌లో) పెడతాం. మర్నాటి నుంచి జీమెయిల్ వాళ్లకి ఒక్క మెయిలూ చేరదు. అవతలి సర్వర్లు మొదట చూసేది మన ఐపీ అడ్రస్‌ని, అది ఇప్పుడు కొత్తది. అందుకే సగం పని సర్వర్ అద్దెకి తీసుకోకముందే జరగాలి.

ప్రొవైడర్‌ని ముందే రెండు విషయాలు అడగండి. సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే 25వ పోర్టు బయటికి తెరిచి ఉంటుందా? గూగుల్ క్లౌడ్‌లో మామూలుగా మూసే ఉంటుంది, అమెజాన్ ఈసీ2లో అడిగి తెరిపించుకోవాలి. రెండోది, పీటీఆర్ రికార్డు (ఈ ఐపీ ఏ పేరుదో చెప్పే ఎంట్రీ) పెట్టనిస్తారా? డొమైన్ కొన్నచోట ఇది దొరకదు, ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. పీటీఆర్‌లో ఉన్న పేరు తిరిగి అదే ఐపీకి రావాలి, మీ సర్వర్ అవతలి సర్వర్‌ని పలకరించేటప్పుడు (హలో కమాండ్‌లో) చెప్పే పేరు కూడా అదే అయితే మంచిది. చాలామంది పాతరకం ఐపీ అయిన ఐపీవీ4కి అన్నీ సరిగ్గా పెట్టి, సర్వర్ కొత్తరకం ఐపీవీ6 మీదుగా పంపుతోందని గమనించరు. దానికి పీటీఆర్ లేకపోతే జీమెయిల్ తిప్పికొడుతుంది. పెట్టడం కుదరకపోతే పోస్ట్‌ఫిక్స్‌ని ఐపీవీ4కే పరిమితం చేయండి.

ఐపీ చేతికి రాగానే, స్పామ్ పంపే ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్‌లో వెతకండి. ఇంతకుముందు వాడినవాళ్ల పాపం మీకు చుట్టుకుని ఉంటే, ఏదీ మార్చకముందే వేరే ఐపీ అడగడం మేలు. వచ్చే మెయిల్‌ని స్పామ్‌హౌస్‌తో సరిచూసే సర్వర్ అయితే ఇంకో గండం ఉంది. కొత్త మెషీన్‌లో డీఎన్‌ఎస్ (పేర్లకి ఐపీలు వెతికిపెట్టే సర్వర్) 8.8.8.8, అంటే అందరూ వాడే గూగుల్‌ది అయి ఉంటే స్పామ్‌హౌస్ అసలు జవాబివ్వకుండా 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపవచ్చు. ఏ జవాబొచ్చినా బ్లాక్ అనుకునే సెట్టింగ్ ఉంటే, వచ్చిన ప్రతి మెయిల్‌నీ మీ సర్వరే తిప్పి పంపేస్తుంది. సొంత డీఎన్‌ఎస్‌గా అన్‌బౌండ్ ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మార్చడానికి రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (పాత జవాబుని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయాన్ని) 300 సెకన్లకి తగ్గించండి. కొత్త ఐపీని ఉన్న ఎస్‌పీఎఫ్ రికార్డులోనే (మీ పేరుతో పంపగల ఐపీల జాబితాలోనే) చేర్చండి. పక్కన రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెడితే రెండూ చెల్లవు. మెయిల్‌పై డిజిటల్ సంతకం చేసే డీకిమ్ కీ ఫైలు కాపీ చేశాక దాని ఓనర్, పర్మిషన్లు చూడండి, అవి తేడా వస్తే సంతకం పడకుండానే మెయిల్స్ వెళ్లిపోవచ్చు. జీమెయిల్‌కి ఒకటి పంపి, మెయిల్ మెనూలో 'షో ఒరిజినల్' తెరిచి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండూ పంపినవాళ్ల డొమైన్‌తో కలుస్తున్నాయా అని చూసే నియమం) మూడింటికీ పాస్ అని ఉందో లేదో చూడండి.

ఇక మార్చే రాత్రి. లాగ్‌లో 4తో మొదలయ్యే (తాత్కాలిక తిరస్కరణ) కోడ్ వస్తే టెన్షన్ పడక్కర్లేదు, పంపినవాళ్ల సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గా 5 రోజులు ఓపిక పడుతుంది. 550 5.1.1, అంటే అలాంటి యూజర్ లేరు అని మీ సర్వర్ ఒక్కసారి చెప్పిందా, ఆ మెయిల్ పోయినట్టే. అందులో ఎవరి ఆఫర్ లెటరో, ఎవరి ఫీజు రసీదో ఉండొచ్చు. అందుకే ఆ రాత్రికి పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ ఆన్ చేసి పెట్టండి, 5 అనాల్సిన చోట 4 అంటుంది. అనుమానంగా ఉంటే సర్వర్‌ని పూర్తిగా ఆపేయండి, తప్పు జవాబు చెప్పే సర్వర్ కన్నా ఆగిపోయిన సర్వరే నయం. అంతా కుదురుకున్నాక సాఫ్ట్ బౌన్స్ తీసేయడం మర్చిపోకండి.

మొదటి వారాల్లో అందరికీ ఒకేసారి సర్క్యులర్లు పంపకండి. జీమెయిల్ 421 అని ఆపితే క్యూని (వెళ్లాల్సిన మెయిల్స్ వరుసని) పదేపదే ఫ్లష్ చేయకండి, అంటే బలవంతంగా మళ్లీ పంపకండి, పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. రోజుకి 5,000 దాటి జీమెయిల్‌కి పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి డీమార్క్ తప్పనిసరి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

పాత సర్వర్‌ని వెంటనే రద్దు చేయకండి. పాత అడ్రస్ గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఇంకొన్నాళ్లు అక్కడికే పంపుతాయి. అక్కడ మెయిల్‌క్యూ ఖాళీ అని చూపించి, లాగ్‌లో బయటినుంచి కొత్త మెయిల్స్ రావడం ఆగిపోయాకే అద్దె ఆపండి.