పెంపుడు పాముకు ఫ్రోజెన్ ఎలుకలు: నిల్వ, కరిగింపు, శుభ్రత

ఫ్రీజర్‌లో పెడితే క్రిములన్నీ చచ్చిపోతాయనుకోవడం పొరపాటు. విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చలికి చావదు, పెరగడం మానేసి ఊరుకుంటుంది. ఎలుక కరిగి వెచ్చబడగానే మళ్లీ విజృంభిస్తుంది. పైకి ఆ ఎలుక తెల్లగా, శుభ్రంగానే కనిపిస్తుంది. 2010లోనూ 2014లోనూ అమెరికాలో పాముల మేతకు అమ్మిన ఫ్రోజెన్ ఎలుకల నుంచి సాల్మొనెల్లా మనుషులకు సోకింది. బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. అందుకే కింద చెప్పే జాగ్రత్తల్లో సగం పాము కోసం, సగం ఇంట్లోవాళ్ల కోసం.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ రెండో సగమే ముఖ్యం. పిల్లాడు ముచ్చటపడి బాల్ పైథాన్‌నో కార్న్ స్నేక్‌నో తెచ్చుకుంటాడు. అదే ఇంట్లో నెలల పసిబిడ్డ, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, ఒకే ఒక్క ఫ్రీజర్ ఉంటాయి. ఐదేళ్లలోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు సాల్మొనెల్లా ముప్పు ఎక్కువ. వీళ్లు ఎలుకల పనిలో అసలు చెయ్యి పెట్టకూడదు.

కాబట్టి వీలైతే ఎలుకలకు చిన్న ఫ్రీజర్ వేరుగా కొనండి, గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో పెట్టండి. పైకి మూత తెరిచే చెస్ట్ ఫ్రీజర్ మేలు. వంటింటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ మంచు పేరుకోకుండా ఉండటానికి మధ్యమధ్యలో కాయిల్‌ని వేడి చేసుకుంటుంది. ఆ హెచ్చుతగ్గులకు, లోపల తిరిగే పొడిగాలికి ఎలుకలు తేమ పోగొట్టుకుని ఎండిపోతాయి. ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. డయల్ మీది అంకెను నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టండి.

వేరే ఫ్రీజర్‌కు వీలుకాకపోతే మూత బిగుతుగా పట్టే, లోపలిది కనిపించని ప్లాస్టిక్ డబ్బా ఒకటి కేటాయించి అట్టడుగు అరలో పెట్టండి. పై అరలో పెడితే, కరెంటు పోయినప్పుడు కారే నీరు కింది తిండి మీద పడుతుంది. డబ్బా మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెద్దక్షరాలతో రాసిపెట్టండి. జిప్ కవర్లో ఉన్న పింకీలు (వెంట్రుకలు రాని ఎలుక పిల్లలు), పక్క కవర్లోని మునగకాయ ముక్కలు మంచు పట్టాక ఒక్కలాగే కనిపిస్తాయి. సాంబారు పెడదామని అమ్మమ్మ ఏ కవరు తీస్తుందో చెప్పలేం.

ఎన్ని కొనాలి? చౌకగా వస్తున్నాయని ఏడాదికి సరిపడా కొనకండి. 500 గ్రాముల కుర్ర బాల్ పైథాన్‌కు పది రోజులకొకసారి దాని బరువులో పదో వంతు, అంటే 50 గ్రాముల ఎలుక పెడితే మూడు నెలలకు తొమ్మిది చాలు. ఒకటి రెండు ఎక్కువ ఉంచుకోండి. పాము పెరిగేకొద్దీ పెద్ద ఎలుక కావాలి, అప్పుడు పాత సైజువి మిగిలిపోతాయి. నిల్వకు హద్దు కూడా ఉంది. చలిలో కూడా కొవ్వు నెమ్మదిగా చెడి ముక్కిపోతుంది, విటమిన్ ఇ తగ్గిపోతుంది. పెద్ద ఎలుకల్ని ఆరు నెలల్లోపు వాడెయ్యండి. పల్చటి చర్మమున్న పింకీలు ఇంకా త్వరగా ఎండుతాయి, వాటికి మూడు నాలుగు నెలలే లెక్క.

పార్సిల్ వచ్చిన వెంటనే తెరవండి. లోపల డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఉంటే వట్టి చేత్తో ముట్టుకోవద్దు, గాలి ఆడే చోట దానంతటది ఆవిరైపోనివ్వండి. ఎలుకలు రాయిలా గట్టిగా ఉండాలి. మెత్తబడ్డవి, పొట్ట పచ్చబడ్డవి, కవర్లో నెత్తుటి నీరు గడ్డకట్టినవి వస్తే ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపండి, వాడకండి. మిగతావాటిని ఒక్కో పూటకు సరిపడా విడివిడి కవర్లలో పెట్టి, గాలంతా పిండేసి, రెండో కవర్ తొడగండి. సైజు, తేదీ మార్కర్‌తో రాయండి. కొత్తవి అడుగున, పాతవి పైన. అన్నీ ఒకే సంచిలో ఉంటే ఒకటి తీయడానికి ప్రతిసారీ మొత్తం బయటికి రావాలి.

కరెంటు పోతే మూత తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. మీరు ఊళ్లో లేనప్పుడు పోయి వచ్చిందేమో తెలియాలంటే చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, మీద ఒక నాణెం పెట్టి లోపలే ఉంచండి. తిరిగొచ్చాక నాణెం అడుగున ఉంటే లోపలివన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే. మొత్తం పారెయ్యండి. కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు. ఎలుక పేగుల్లో ఉన్నదంతా లోపలే ఉంటుంది కాబట్టి కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

కరిగించడం ముందురోజు రాత్రే మొదలుపెట్టండి. కవర్ విప్పకుండా, మూతున్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచండి. పెట్టబోయే ముందు, దీనికోసమే ఉంచిన చిన్న బకెట్‌లో 40 నుంచి 45 డిగ్రీల నీళ్లు పోసి, కవర్‌తోనే 10, 15 నిమిషాలు ముంచండి. పొట్ట, ఛాతీ వేలితో నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే మధ్యలో ఇంకా మంచుందన్నమాట. అలాంటిది మింగితే పాము కక్కేయొచ్చు. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది, అందుకే ఎలుక ఒంటి మీద 38 డిగ్రీల దాకా ఉంటేనే చాలాసార్లు పట్టుకుంటుంది. కార్న్ స్నేక్‌కు ఆ గుంటలు ఉండవు, దానికి అంత పట్టింపు లేదు. మరిగే నీళ్లలో వేస్తే చర్మం ఉడికి పొట్ట పగులుతుంది. మైక్రోవేవ్ ఊసే వద్దు: ఒకవైపు ఉడుకుతుంది, మరోవైపు గడ్డగానే ఉంటుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా. ఆ తర్వాత అందులోనే అన్నం వేడి చేసుకోవాలి మరి.

పొడవాటి పట్టకారుతోనే అందించండి, ఎలుక వాసన అంటిన వేళ్లను కూడా పాము మేతే అనుకుంటుంది. రెండు గంటలైనా తినకపోతే తీసి, రెండు కవర్లలో కట్టి చెత్తబుట్టలో వెయ్యండి.

పనయ్యాక చేతుల్ని సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్ది కడగండి. పట్టకారు, బకెట్ వంటింటి సింకులో కడగవద్దు. ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి పది నిమిషాలు నాననిచ్చి ఆరబెట్టండి. బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్‌గానీ అమ్మోనియాగానీ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇది చదివి ఇండియాలో మొదలుపెడదామనుకునేవాళ్లకు ఒక మాట. కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు వంటి మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతే అయినా సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి, 2022 సవరణ ప్రకారం దాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఫ్రీజర్ సంగతి ఆ తర్వాతే.