విశాఖలో గార్డెన్ పనులు చేసేవాళ్లు సోషల్ మీడియాలో కస్టమర్లను తెచ్చుకోవడం ఎలా?

విశాఖలో లాన్లు వేసేవాళ్లు, విల్లాలకి గార్డెన్లు చేసేవాళ్లు నడిపే ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఒక నాలుగైదు తెరిచి చూడండి, దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. పని అప్పగించిన రోజు తీసిన ఫోటో, తడితడిగా పచ్చటి లాన్, కింద ఫోన్ నంబరు, అంతే. ఆ రోజు ఎవరు చేసిన గార్డెన్ అయినా బాగానే ఉంటుంది, కడియం నర్సరీల నుంచి లారీలో దిగిన మొక్క మొదటి వారం ఎక్కడ పెట్టినా నవనవలాడుతూనే ఉంటుంది. రుషికొండలోనో ఎండాడలోనో ఇల్లు కట్టుకున్నాయనకి ఉండే అనుమానం వేరు: ఈ ఉప్పుగాలికి, మే నెల ఎండకి ఇందులో ఎన్ని మిగులుతాయి? దానికి జవాబు చూపించే పేజీ ఊళ్లో చాలా తక్కువ. మీరు చూపించారంటే సగం పని అయిపోయినట్టే.

అంటే ఏం చేయాలి? పని పూర్తయ్యాక ఆరు నెలలకి మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, అదే చోట నిలబడి, అదే ఎత్తు నుంచి ఫోటో తీయాలి. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంటే ఎలాగూ వెళ్తారు, లేకపోతే 'ఒకసారి మొక్కలు చూసి పోతాం సార్' అంటే ఎవరూ కాదనరు, పైగా ఆ వెళ్లినప్పుడే ఇంకో పని తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది 'ముందు' ఫోటో, చాలామంది మర్చిపోయేది కూడా అదే. కుర్రాళ్లు గునపాలు దించి మట్టి తవ్వడం మొదలుపెట్టాక తీసింది దేనికీ పనికిరాదు, పిచ్చిమొక్కలూ సిమెంటు పెళ్లలూ కనపడుతుండగానే తీయాలి. గేటు స్తంభం నుంచి ఎన్ని అడుగుల్లో నిలబడ్డారో ఫోన్లో రాసుకోండి, లేకపోతే తర్వాత ఆ కోణం దొరకదు. తీసేది పొద్దున్నే, ఎండ ముదరకముందు. తీసేముందు లెన్స్ తుడవండి, బీచ్ దగ్గర సైట్లలో ఆ గాలికి ఫోన్ మీద పల్చటి జిగురు పొర పట్టేస్తుంది, ఫోటోలు మసకగా ఎందుకొస్తున్నాయో తెలియక చాలామంది కొత్త ఫోన్ కొనేస్తుంటారు.

ఆ ఫోటో కింద రాసేది కూడా సూటిగా ఉండాలి. 'మీ కలల ఉద్యానవనం' లాంటివి వద్దు. ఇలా రాయండి: 'రుషికొండలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లు. జూన్‌లో నాటాం. గాలికి మందారాలు మాడిపోయాయి, వాటి చోట గన్నేరు, కాగితం పూలు పెట్టాం. ఇది డిసెంబరు ఫోటో.' చచ్చిపోయిన మొక్కల గురించి చెప్తే పరువు పోతుందని భయపడక్కర్లేదు. చదివేవాళ్ల పెరట్లో కూడా అవే చచ్చిపోయాయి, కాబట్టి 'వీళ్లకి పని తెలుసు' అనుకుంటారు. గన్నేరు విషం కాబట్టి చిన్నపిల్లలున్న ఇళ్లలో దాన్ని పెట్టబోమని, దేవగన్నేరు పెట్టినా దాని పాలు కళ్లలో పడకుండా చూసుకోవాలని ఇంకో పోస్టులో చెప్పొచ్చు. అలాంటి పోస్టుల్నే జనం ఫ్యామిలీ గ్రూపుల్లో పంచుకుంటారు. ఇలాంటి 'ముందు-తర్వాత'ల్లో బాగా వచ్చిన మూడింటిని ప్రొఫైల్ పైన పిన్ చేసి పెట్టండి.

రీల్స్ విషయానికొస్తే, పూర్తయిన గార్డెన్ మొదట ఒక రెండు సెకన్లు చూపించి, తర్వాత పాత స్థలం, ఆ తర్వాత పని. అర నిమిషం దాటనివ్వకండి. వీడియోలో వినపడే గొంతు మీదై ఉండాలి, లేదా మీ మేస్త్రీది. ఆయన యాసలో 'గత్తం ఇంత, ఎర్రమట్టి ఇంత' అని చెప్తుంటే వినేవాళ్లు ఆగుతారు. టీవీ యాంకర్ లాగా మాట్లాడించే ప్రయత్నం చేస్తే మాత్రం ఇద్దరికీ టెన్షన్. సినిమా పాటలు పెట్టకండి, బిజినెస్ అకౌంట్లకి అవి చాలావరకు దొరకవు, దొరికినా మీ వ్యాపార ప్రచారానికి వాడుకునే హక్కు దాంతో రాదు. నీళ్లు పడుతున్న చప్పుడు, పార చప్పుడు చాలు. లొకేషన్ మాత్రం తప్పకుండా పెట్టండి, ఉత్తి 'విశాఖపట్నం' అని కాకుండా మధురవాడ, కొమ్మాది, సీతమ్మధార, గాజువాక, ఏది అయితే అది.

ఇళ్లు చూపించేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఊళ్లో పెద్ద గార్డెన్లున్న ఇళ్లలో చాలావాటి ఓనర్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఇంట్లో అమ్మానాన్నలో, వాచ్‌మన్ ఒక్కడో ఉంటాడు. కాబట్టి ఇంటి నంబరు, కారు నంబరు, సీసీ కెమెరాలు ఎక్కడున్నాయి, వెనక గేటు ఎటు, ఇవేవీ ఫ్రేములో రాకూడదు. 'ఓనర్లు విదేశాల్లో ఉంటారు' అని క్యాప్షన్‌లో పొరపాటున కూడా రాయకూడదు. పోస్టు పెట్టడానికి ముందు వాట్సాప్‌లో అనుమతి అడిగి, వాళ్ల 'ఓకే' వచ్చాకే పెట్టండి. ఇదే ఓనర్లకి నెలకోసారి గార్డెన్ అంతా తిరుగుతూ తీసిన వీడియో పంపితే, వాళ్లు దాన్ని అక్కడి విశాఖ స్నేహితులకి చూపిస్తారు. మీరు పెట్టే యాడ్స్ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఎప్పుడు ఏం పెట్టాలో తేల్చుకోవడానికి మార్కెటింగ్ క్యాలెండర్లు కొనకండి, గోడ మీద పంచాంగం చాలు. గృహప్రవేశం ముహూర్తానికి ఇంటి ముందు పచ్చగా ఉండాలని అందరికీ ఉంటుంది, కానీ వారం ముందు ఫోన్ చేస్తారు, లాన్ వేళ్లూనుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని వాళ్లకి తెలియదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, వానలు మొదలవుతాయి, నాటడానికి అంతకంటే మంచి టైం లేదు. శ్రావణంలో గృహప్రవేశం ఉన్నవాళ్లని 'ఇప్పుడే మొదలుపెడితేనే అందుతుంది' అని పిలవాల్సింది అప్పుడే. మాఘ, ఫాల్గుణాలకి కూడా ఇలాగే నెలన్నర ముందు మొదలుపెట్టాలి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చెట్లు ఎలా పోయాయో చూసినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. సెప్టెంబరులోనే కొమ్మలు తేలిక చేయడం ఎలా, కొత్తగా నాటిన చెట్టుకి ఊతకర్ర ఎలా కట్టాలి, బాల్కనీలో వేలాడే కుండీలు ఎప్పుడు దించాలి, ఇవి పెట్టండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ఆఫర్లు, డిస్కౌంట్లు ఆపేయండి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినవాళ్లు చివరికి చేరేది రెండు చోట్లకి: గూగుల్, వాట్సాప్. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఫ్రీ, షాపు లేకపోయినా పెట్టుకోవచ్చు, ఇంటి అడ్రసు దాచేసి ఏయే ఏరియాల్లో పని చేస్తారో మాత్రం చూపించవచ్చు. పని అప్పగించిన రోజు సాయంత్రమే రివ్యూ లింక్ పంపండి, వారం ఆగితే ఎవరూ రాయరు. రివ్యూ రాస్తే డబ్బు తగ్గిస్తామని మాత్రం అనకండి, అది గూగుల్ నియమాలకి విరుద్ధం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉంటుంది, లాన్, మేడ మీద తోట, డ్రిప్, నెలవారీ మెయింటెనెన్స్, ఇలా విడివిడిగా పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి, అంటే ఒకేసారి చాలామందికి విడివిడిగా వెళ్లేలా, మెసేజ్ పంపితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకే పని అయ్యాక నంబరు సేవ్ చేయించుకోవడం మర్చిపోవద్దు. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మీరే దూరి ప్రచారం చేసుకుంటే తీసేస్తారు, అక్కడ మీ పని చేయించుకున్న మేడమ్ గారు ఒక ఫోటో పెడితే చాలు.

ఇక రేట్లు. 'రేటు ఎంత?' అని కామెంట్ పెడితే 'ఇన్‌బాక్స్ చెక్ చేయండి' అనడం నాకైతే చిరాకు. చదరపు అడుగుకి ఇంత నుంచి ఇంత అని చెప్పి, మట్టి మార్చాలా, లారీ గేటు దాకా వస్తుందా, మేడ పైకి మోయాలా అన్నదాన్ని బట్టి మారుతుందని బహిరంగంగానే రాయండి. బేరగాళ్లు అక్కడే తగ్గిపోతారు, మిగిలినవాళ్లతో మాట్లాడటం సుఖం.

యాడ్స్‌కి డబ్బు పెట్టేది చివరికి, పేజీలో పది మంచి పోస్టులు ఉన్నాకే. మెటా (ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల కంపెనీ) యాడ్స్‌లో నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం తీసుకుని, కొత్త విల్లాలు లేస్తున్న చోట మ్యాప్‌లో పిన్ పెట్టి, చుట్టూ కొద్ది కిలోమీటర్లు చాలనుకోండి. బీచ్ రోడ్ పక్కన పిన్ పెడితే సర్కిల్ సగం సముద్రంలో పడుతుంది, చేపలు లాన్ వేయించుకోవు కాబట్టి పిన్‌ని కాస్త లోపలికి జరపండి. మీరు పెట్టిన బడ్జెట్ మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

మెసేజ్ వచ్చిన గంటలోపు జవాబివ్వండి, స్థలం వీడియో, లొకేషన్ అడగండి, వాటిని చూశాకే సైట్‌కి వెళ్లండి. ప్రతి ఒక్కరినీ 'మమ్మల్ని ఎక్కడ చూశారండి?' అని అడిగి, ఆర్డర్ల పుస్తకంలో పేరు పక్కన రాయండి. ఒక సీజన్ అయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే, ఎక్కడి నుంచి ఒక్క ఆర్డరూ రాలేదో ఆ యాప్ మీద టైం పెట్టడం మానేయొచ్చు.