గుంటూరు నేలలో మహిషాక్షి గుగ్గులు: కొమ్మ నాటడం నుంచి జిగురు తీయడం దాకా

గుగ్గిలం అనగానే మన ఇళ్లలో గుర్తుకు వచ్చేది సంధ్యవేళ నిప్పుల మీద చల్లే పొడి, గదంతా పరుచుకునే పొగ. అయితే ఆ పేరుతో కొట్లలో అమ్మేదంతా ఒకే చెట్టు నుంచి రాదు. ఉత్తరాంధ్ర అడవుల్లో సాల వృక్షాన్నే గుగ్గిలం చెట్టు అంటారు, దాని బంకనూ గుగ్గిలమే అంటారు. ఆయుర్వేద వైద్యులు యోగరాజ గుగ్గులు, త్రిఫల గుగ్గులు వంటి మందుల్లో వాడేది మాత్రం వేరు. అది రాజస్థాన్, కచ్, సింధు ప్రాంతాల్లో రాళ్లూ ఇసుకా కలిసిన నేలల్లో పెరిగే ముళ్ల పొద నుంచి కారే జిగురు. ఆయుర్వేద నిఘంటువులు గుగ్గులును మహిషాక్షం, మహానీలం, కుముదం, పద్మం, హిరణ్యం అని అయిదు రకాలుగా చెప్పాయి. వాటిలో మొదటి దాని పేరుతోనే మన పచారీ కొట్లలో దీన్ని మహిషాక్షి అని అడుగుతారు. వృక్షశాస్త్రంలో దీని పేరు కామిఫోరా వైటియై.

జిగురు కోసం విచక్షణ లేకుండా గాట్లు పెట్టడం వల్ల సహజంగా పెరిగే చోటనే ఈ పొద కనుమరుగవుతోంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న మొక్కల జాబితాలో ఉంచింది. గింజ నుంచి మొలవడం అరుదు, ఎదగడం నిదానం, నరకడం తేలిక. ఈ మూడూ కలిసిన మొక్కను ఇళ్లలోనూ పొలం గట్ల మీదా పెంచి నిలబెట్టుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. గుంటూరులో దీన్ని పెంచవచ్చా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: పెంచవచ్చు, కానీ నీటి విషయంలో మన చెయ్యి కట్టేసుకోవాలి.

ఎడారి మొక్క అనగానే మన ఎండకు తట్టుకుంటుందా అన్న అనుమానం ఎవరికీ రాదు, రావలసిన అవసరమూ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా ఇది ఆకు రాల్చి నిబ్బరంగా నిలబడుతుంది. ఇబ్బంది పెట్టేది మన వాన. దాని సొంత ప్రాంతాల్లో ఏడాదికి 225 నుంచి 500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, గుంటూరు, విజయవాడల్లో 800 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. దానికి తోడు మనది నల్లరేగడి. మిర్చికీ పత్తికీ బంగారం లాంటి ఆ నేల తడిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. గుగ్గులు వేరుకు అదే ప్రాణాంతకం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా బంధువుల ఇంటి పెరట్లో నాలుగేళ్ల గుగ్గులు మొక్క రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. నీరు తీశాక పైకి పచ్చగానే కనిపించింది. పది రోజులకు మొదలు దగ్గర వేలితో నొక్కితే బెరడు మెత్తగా లోపలికి దిగబడింది. ఆ స్థితికి వచ్చాక మొక్కను బతికించడం సాధ్యం కాదు. పైన గట్టిగా మిగిలిన కొమ్మలను వెంటనే కత్తిరించి మళ్లీ నాటుకోవడం ఒక్కటే చేయగలిగింది.

మొదటి మొక్కను సంపాదించడంలో తొందరపడకూడదు. నేను ఒక నర్సరీలో గుగ్గులు అని చెప్పి ఇచ్చిన మొక్కను రెండేళ్లు ప్రేమగా పెంచాక అది వేరే ముళ్ల మొక్క అని తెలిసింది. అందువల్ల గుర్తుపట్టే తీరును వివరంగా చెబుతాను. అసలైన మొక్క కొమ్మలు వంకరటింకరగా సాగి, చివర్లు మొనదేలి ముళ్లుగా మారతాయి. ముదిరిన కొమ్మ మీద బూడిద రంగు బెరడు పలుచని కాగితపు పొరల్లా లేస్తుంది, ఆ పొరను గోటితో తీస్తే కింద ఆకుపచ్చని తొక్క కనిపిస్తుంది. ఆకులు చిన్నవి, అంచున రంపపు పళ్లు ఉంటాయి, ఒక్కొక్కచోట మూడు చిట్టి ఆకులు కలిసి ఉంటాయి. లేత కొమ్మను విరిస్తే జిగురు చుక్క ఊరుతుంది, దాన్ని వేళ్ల మధ్య నలిపితే మహిషాక్షి వాసన స్పష్టంగా వస్తుంది. తూర్పు కనుమల మెట్ట అడవుల్లో ఇదే ప్రజాతికి చెందిన ఒక చెట్టు ఉంది, దాని బెరడు కూడా పొరలుగా లేస్తుంది, కానీ దానికి ముళ్లు ఉండవు. ఈ తేడా తెలిస్తే మోసపోయే అవకాశం తక్కువ. గుజరాత్‌లోని ఆనంద్ దగ్గర బోరియావిలో ఉన్న కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ ఈ మొక్క మీద చాలాకాలంగా పనిచేస్తోంది. ఎకరాల లెక్కన వేయదలచిన రైతులు అటువంటి సంస్థల ద్వారానే నాటు సామగ్రి తెప్పించుకోవడం మంచిది.

గింజల దారిని నేను సిఫారసు చేయను. మొలక శాతం చాలా తక్కువ, మొలిచినా మొదటి వానాకాలం దాటడం కష్టం. కొమ్మ ముక్కలే దీనికి సరైన దారి. ఈ పని ఎప్పుడు చేయాలన్నదే మన ప్రాంతంలో అసలు ప్రశ్న. రాజస్థాన్‌లో జూన్, జూలై నెలల్లో నాటతారు, అక్కడ ఆ వానలు దానికి చాలినన్నే. అదే పద్ధతిని అనుసరించి నేను మృగశిర కార్తెలో నాటిన ముక్కల్లో చాలా భాగం శ్రావణ మాసం వచ్చేసరికి కింది నుంచి నల్లబడి కుళ్లిపోయాయి. మరుసటి ఏడాది శివరాత్రి దాటి చలి వెనకబట్టాక నాటితే సగానికి పైగా వేరు పట్టాయి. అప్పటికి మొక్క ఆకు రాల్చి ఉంటుంది, ఆహారమంతా కొమ్మలో నిల్వ ఉంటుంది, వానలు మొదలయ్యేలోగా వేరు ఊనుకోవడానికి మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఏడాదికి పైబడి ముదిరిన, చిటికెన వేలంత లావున్న కొమ్మను ఎంచుకుని, పదునైన కత్తెరతో 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. మొద్దు కత్తెరతో కోస్తే చివర నలిగి, ఆ నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. కింది చివరను ఏటవాలుగానూ పై చివరను తిన్నగానూ కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. ఆకులు లేని కొమ్మ ముక్కలో ఏది పైనో ఏది కిందో తర్వాత పోల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. కోసిన వెంటనే చివర నుంచి పాలలాంటి జిగురు కారుతుంది. దాన్ని తడి గుడ్డతో తుడిచి, ముక్కలను నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. తెలిసినవారు కూడా ఈ ఆరబెట్టడాన్ని అనవసరం అనుకుని వదిలేస్తారు. కానీ కోత ఎండి పొర కట్టకుండా తడి మట్టిలో పెడితే మన గాలిలోని తేమకు బూజు తెగులు తేలికగా పడుతుంది. ఆరిన తరువాత కింది చివరను వేరు పుట్టించే ఐ.బి.ఎ. పొడిలో ముంచి, అదనపు పొడిని దులిపి నాటాలి.

నాటే మిశ్రమంలో సగానికి సగం ముతక ఇసుక ఉండాలి. కృష్ణ ఇసుకే అయినా జల్లెడ పట్టి, సన్నని వండును తీసేసి, ముతకదే వాడాలి. మిగిలిన సగంలో ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి, బుట్టెడు మిశ్రమానికి గుప్పెడు చొప్పున వేపపిండి వేయాలి. ఈ మొక్క కాస్త క్షారగుణం ఉన్న నేలను ఇష్టపడుతుంది కాబట్టి, పిడుగురాళ్ల వైపు సులభంగా దొరికే సున్నపురాయి నలుసులను పిడికెడు కలిపితే మేలు చేస్తాయి, వాటి వల్ల నీరు కూడా త్వరగా దిగుతుంది. నల్లమట్టిని మాత్రం ఒక్క పిడికెడు కూడా చేర్చవద్దు. అడుగున రంధ్రాలున్న పాలిథిన్ సంచుల్లో ఈ మిశ్రమం నింపి, కర్రతో ముందే గుంట చేసి, ముక్కను మూడో వంతుకు పైగా దిగేలా పెట్టి, చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదమాలి. నేరుగా గుచ్చితే చివర అంటించిన పొడి పైనే రాలిపోతుంది.

సంచులను తాటాకు పందిరి కిందో సగం నీడనిచ్చే షేడ్ నెట్ కిందో ఉంచి, పై అంగుళం మట్టి పూర్తిగా ఆరిన తరువాతే తడి ఇవ్వాలి. రెండు వారాలు తిరిగేసరికి కణుపుల దగ్గర ఆకుపచ్చని చిగుళ్లు కనిపిస్తాయి. అది చూసి నాటు పడిందని సంబరపడి నీళ్లు పెంచడం వల్లనే ఎక్కువ మొక్కలు పోతాయి. ఆ చిగురు కొమ్మలో నిల్వ ఉన్న ఆహారంతో వచ్చినది, అప్పటికి కింద వేరు ఉండదు. వేరు రావడానికి మరో నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. మొదటి చిగురు వాడి రాలిపోయి, కొమ్మ గోటితో గీరితే ఇంకా పచ్చగానే ఉంటే దాన్ని పారవేయవద్దు, కొన్ని అలాగే ఆగి మళ్లీ చిగురిస్తాయి. వేరు వచ్చిందో లేదో చూడటానికి ముక్కను లాగడం పెద్ద తప్పు, అప్పుడే పుట్టిన తెల్లని వేరు ఆ ఒక్క కదలికకే తెగుతుంది.

పెద్ద మొక్క చేతిలో ఉన్నవారు గాలి అంటు కూడా కట్టుకోవచ్చు. జామకు కట్టినట్లే కొమ్మ చుట్టూ అంగుళం వెడల్పున బెరడు తీసి, కారిన జిగురును తుడిచి, తడి నాచు చుట్టి పాలిథిన్ కాగితంతో బిగించాలి. ఈ పనికి మాత్రం వానాకాలపు తేమ అనుకూలిస్తుంది.

సంచిలో ఒక ఏడాది పెరిగాక మొక్కను నాటుకోవచ్చు. ఏటవాలుగా, గరప నేల ఉన్న చోట్లు దీనికి తగినవి, పల్నాడు మెట్టల వంటి నేలలు గుంటూరు పట్టణం కన్నా ఎంతో నయం. నల్లరేగడిలోనే నాటవలసి వస్తే గుంట తవ్వకండి, గుంట తవ్వి ఇసుక నింపినా చుట్టుపక్కల నీరంతా అందులోకే చేరుతుంది. దానికి బదులు నేల మీదే రాళ్లు, ఇటుక ముక్కలు పరిచి, పైన ఇసుక, ఎర్రమట్టి కలిపి రెండడుగుల ఎత్తున దిబ్బ పోసి, దాని నెత్తిన నాటాలి. మొక్కకూ మొక్కకూ మూడు మీటర్ల దూరం ఉంచాలి. మేడ మీద పెంచేవారికి 14 అంగుళాల మట్టి కుండీ చాలు. ప్లాస్టిక్ కుండీ తడిని లోపలే బంధిస్తుంది కాబట్టి వద్దంటాను. వానలు మొదలైనప్పటి నుంచి కార్తీకం ముగిసేదాకా ఒక్క చుక్క కూడా పోయనక్కరలేదు. వాయుగుండాలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో కుండీలను చూరు కిందికి జరపాలి. వేసవిలో మూడు వారాలకు ఒకసారి ఆరుతడి ఇస్తే లేత మొక్క నిలుస్తుంది, మూడేళ్లు దాటినదానికి అదీ అవసరం లేదు.

పురుగుల బెడద తక్కువే. చెదలు మొదట్లోనే బెరడును తినకుండా ఏడాదికోసారి వేపపిండి వేస్తే సరిపోతుంది. మేడల మీద పిండినల్లి కనిపిస్తే సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవాలి. ఆకు రాలిందని ఎరువులు గుమ్మరించడం కన్నా హాని చేసే పని లేదు, పొడి కాలంలో ఆకు రాల్చడం దాని స్వభావం.

జిగురు తీయడానికి కనీసం ఎనిమిదేళ్లు ఆగాలి. ఆ తరువాత కూడా డిసెంబరు నుంచి మార్చి వరకు మాత్రమే, లావుపాటి కొమ్మల మీద, బెరడు దాటి లోపలి చెక్కకు తగలకుండా గాటు పెట్టాలి. బాగా పెరిగిన ఒక్కో మొక్క నుంచి ఏడాదికి 200 నుంచి 500 గ్రాముల జిగురు వస్తుందని లెక్క. గాటులో ఎథిఫాన్ వంటి రసాయనాలు పెడితే దిగుబడి పెరుగుతుంది, మోతాదు మించితే మొక్క ఎండిపోతుంది. అడవిలోని గుగ్గులు తరిగిపోవడానికి ఇదీ ఒక కారణం, పెరటి మొక్కకు ఆ గతి పట్టించవద్దని వేడుకుంటున్నాను.

తీసిన జిగురును ఇంట్లో మందుగా వాడకండి. వైద్యులు దీన్ని త్రిఫల కషాయం వంటి వాటిలో శుద్ధి చేసిన తరువాతనే వాడతారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టర్ జి.వి. సత్యవతి చేసిన పరిశోధనతో కొలెస్టరాల్ తగ్గించే మందుగా దీనికి కొత్త పేరు వచ్చిన మాట నిజమే. కానీ 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరీక్షలో కొలెస్టరాల్ తగ్గకపోగా చెడు కొలెస్టరాల్ కొంత పెరిగిందనీ, కొందరికి ఒంటిపై దద్దుర్లు వచ్చాయనీ తేలింది. గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. థైరాయిడ్‌కు, రక్తం పలచబడటానికి మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు.

మూడో ఏడు దాటిన మొక్కను ప్రతి శివరాత్రికీ కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుంది, ఆ కత్తిరించిన కొమ్మలే మళ్లీ నాటు ముక్కలు. ఒకే మొక్క కొమ్మలన్నీ ఒకే పోలికవి కాబట్టి, వేరే ఊరి మొక్క నుంచి తెచ్చిన ముక్కలతో మార్పిడి చేసుకోండి. ఏ మొక్క నుంచి ఏ తేదీన తీసినదో రాసిన రేకు ముక్కను ప్రతి సంచికీ కట్టండి.