ఎల్‌కేజీకి తొందరపడకండి
పక్కింటి పిల్లాడు వెళ్తున్నాడని మూడేళ్లకే ఎల్‌కేజీలో వేసేయకండి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి, వెనక్కి లెక్కేస్తే ఎల్‌కేజీకి నాలుగు. ఏబీసీడీలు వచ్చాయా లేదా అన్నది కాదు, బాత్రూమ్ వస్తే నోరు తెరిచి చెప్పగలదా, టిఫిన్ డబ్బా మూత తనే తీసుకుని తినగలదా, అమ్మ కనబడకపోయినా రెండు మూడు గంటలు వేరేవాళ్ల దగ్గర ఉండగలదా, అది చూడండి. మా పాప మూత తీయడం రాక డబ్బా అలాగే తిరిగి తెచ్చేది, అడిగితే ఆకలి లేదనేది, ప్రాణం ఉసూరుమనేది. అందుకే జూన్‌కి ముందు ఓ నెల రోజులు మధ్యాహ్నం అన్నం అదే డబ్బాలో పెట్టి, చెయ్యి వేయకుండా పక్కన కూర్చోండి. ఇంకా టైమ్ కావాలనిపిస్తే దగ్గర్లోని అంగన్‌వాడీకి పంపండి, మూడేళ్లు నిండితే తీసుకుంటారు.