గాలం పాఠాలు – 3: ట్రౌట్ ఎంత లోతులో ఉంది, బాస్ ఎక్కడుంది

పోయిన పాఠంలో రీల్‌కి దారం ఎక్కించడం, కొక్కేనికి ముడి వేయడం చూశాం. ముడిని తడిపి బిగించడం చేతికి బాగా అలవాటయ్యాకే ఇది చదవండి, ఈసారి ముడుల జోలికి మళ్ళీ వెళ్ళను. ఈ పాఠమంతా ఒక్క విషయం మీదే: గాలం వేసేముందు నీళ్ళు ఏ లోతులో ఎంత చల్లగా ఉన్నాయో చూడటం. చేప పడకపోతే చాలామంది ముందు ఎర మారుస్తారు, తర్వాత రాడ్ మారుస్తారు, ఇంకా పడకపోతే చెరువునే మారుస్తారు. చేప లేని లోతులో ఏ ఎర వేసినా ఒకటే.

మసాచుసెట్స్‌లో కాంకర్డ్ దగ్గరున్న వాల్డెన్ పాండ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆక్టన్, వెస్ట్‌ఫోర్డ్ వైపు ఉండే మనవాళ్ళకి దగ్గర, పైగా ట్రౌట్, బాస్ అనే మంచినీటి చేపలు రెండూ అక్కడ దొరుకుతాయి. పాండ్ అన్నారు కదా అని చిన్న గుంట అనుకోవద్దు, 60 ఎకరాలు దాటిన చెరువది. మంచుయుగం చివర్లో హిమానీనదం వెనక్కి పోతూ వదిలేసిన పెద్ద మంచుగడ్డ కరిగితే ఏర్పడింది. అందులోకి వచ్చే వాగు లేదు, బయటికి పోయే కాలువ లేదు, భూమిలోంచి ఊరే నీళ్ళే. 1846లో గడ్డకట్టిన చెరువు మీద నిలబడి, తాడుకి రాయి కట్టి వదిలి కొలిస్తే బాగా లోతైన చోట 102 అడుగులు వచ్చింది, ఇప్పటి కొలతలూ దాదాపు అంతే చెప్తాయి.

ఆ లోతే ట్రౌట్‌ని బతికిస్తోంది. మన ఊరి చెరువుల్లో కొర్రమీనుకి గాలం వేసినవాళ్ళకి ఇది మొదట్లో కొంచెం వింతగా ఉంటుంది. కొర్రమీను పైకి వచ్చి గాలి మింగి మళ్ళీ కిందకి పోతుంది, అందుకే మే నెల ఎండలో అడుగంటిన బురదనీళ్ళలో కూడా బతుకుతుంది. ట్రౌట్‌కి ఆ వెసులుబాటు లేదు. దానికి చల్లటి నీళ్ళు కావాలి, అందులో ప్రాణవాయువు దండిగా ఉండాలి. 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య బాగా తింటుంది, 70 దాటితే తిండి సంగతి అటుంచి బతకడమే కష్టం. బాస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, నీళ్ళు 65 దాటాకే జోరుగా కదులుతుంది.

ఇప్పుడు ఏడాదంతా ఏం జరుగుతుందో చూడండి. నీళ్ళు 39 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. వసంతంలో మంచు కరిగాక గాలికి పై నీళ్ళూ కింద నీళ్ళూ కలిసిపోయి చెరువంతా ఒకేలా చల్లగా ఉంటుంది, అప్పుడు ట్రౌట్ ఎక్కడైనా తిరుగుతుంది, ఒడ్డు పక్కకి కూడా వస్తుంది. రాష్ట్ర వన్యప్రాణి శాఖ హేచరీల్లో, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రాల్లో, పెంచిన ట్రౌట్‌ని వదిలేదీ ముఖ్యంగా వసంతంలోనే. కాబట్టి కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. జూన్ వచ్చేసరికి ఎండకి పై నీళ్ళు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, అడుగున చల్లదనం అలాగే ఉంటుంది, మధ్యలో కొద్ది అడుగుల్లోనే వేడి గబగబా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. జూలైలో ట్రౌట్ ఆ పొర దగ్గరో దాని కిందో ఉంటుంది, బాస్ పైనే ఉంటుంది.

ఆ పొరని పట్టుకోవడానికి ఖరీదైన మెషిన్ అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ సీసాలో థర్మామీటర్ పెట్టి, మూత తీసేసి, బరువు కట్టి తాడుతో దించండి. తాడు మీద ప్రతి 5 అడుగులకీ మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఒక్కో లోతులో రెండుమూడు నిమిషాలు ఉంచి గబుక్కున లాగితే సీసాలో ఆ లోతు నీళ్ళే చాలావరకు మిగిలి ఉంటాయి, చదివి రాసుకోండి. దీనికి పడవ కావాలి, లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కకండి.

ట్రౌట్‌కి ఒడ్డు నుంచి వేసే గాలం ఇలా కట్టాలి. రీల్ నుంచి వచ్చే దారాన్ని నడుమ చిల్లున్న గుండులోంచి దూర్చి చివర స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొలికి) కట్టండి, స్వివెల్‌కి అటుపక్క నాలుగు పౌండ్ల బరువు ఆపే సన్నదారం రెండడుగులు, దాని చివర 10 నంబర్ కొక్కెం. గుండు సీసంది కాకూడదు. మసాచుసెట్స్ మంచినీటి చెరువుల్లో ఒక ఔన్సు కంటే తక్కువ బరువున్న సీసం గుండ్లు 2012 నుంచి నిషేధం, లూన్ పక్షులు వాటిని మింగి విషమెక్కి చచ్చిపోతున్నాయని. తగరం, స్టీల్, టంగ్‌స్టన్ గుండ్లు దొరుకుతాయి, అవి కొనండి. కొక్కేనికి తేలే పిండి ఎర, పవర్‌బైట్ లాంటిది, శనగగింజంత పెట్టి ముందు మీ కాళ్ళ దగ్గరి నీళ్ళలోనే వేసి చూడండి. గుండు అడుగున కూర్చుని ఎర కొక్కేన్ని పైకి లేపాలి. మునిగిపోతే ఇంకొంచెం పిండి అద్దండి. ఈ పరీక్ష చెయ్యకుండా మాత్రం దూరంగా విసరకండి, ఎర ఆకుల్లో పడి ఉంటే ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు. విసిరాక రీల్ బెయిల్ (దారాన్ని పట్టి ఉంచే వంపు తీగ) తెరిచే ఉంచండి. దారం దానంతటది జారడం మొదలైతే చేప ఎర తీసుకుపోతున్నట్టే, అప్పుడు బెయిల్ మూసి, వదులు చుట్టేసి రాడ్ మెల్లగా ఎత్తాలి.

బాస్‌కి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. ఐదంగుళాల మెత్తటి రబ్బరు పురుగుని సరిగ్గా నడుముకి గుచ్చి, గుండు లేకుండా, రాళ్ళ పక్కనో పడిపోయిన చెట్టు పక్కనో వేయండి. రెండు కొసలూ అల్లాడుతూ నెమ్మదిగా దిగుతుంది. దాన్ని ఆడించకండి, దిగనివ్వండి, చాలా చేపలు అది దిగుతుండగానే అందుకుంటాయి. చేతికి ఏమీ తెలియకపోవచ్చు. దారం నీళ్ళలోకి దిగేచోట కన్ను పెట్టండి, అది పక్కకి జరిగినా, అడుగు తగలకముందే ఆగిపోయినా చేపే. దవడ చివర కన్ను దాటి వెనక్కి పోతే అది లార్జ్‌మౌత్ రకం బాస్, దాటకపోతే స్మాల్‌మౌత్ రకం.

రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మే, జూన్‌లలో ఒడ్డు పక్క ఇసుకలో గుండ్రటి గూడు మీద కదలకుండా ఉన్న బాస్ కనిపిస్తే దాన్ని వదిలెయ్యండి, అది గుడ్లు కాసే మగది, దాన్ని లాగిన మరుక్షణం చిన్న చేపలొచ్చి గుడ్లు తినేస్తాయి. అలాగే పై నీళ్ళు 70 దాటాక ట్రౌట్‌ని పట్టి వదిలే పని పెట్టుకోవద్దు. చల్లటి అడుగు నుంచి వేడి నీళ్ళలోకి లాగి, ఫొటో తీసుకుని వదిలిన చేప ఈదుతూ పోయినట్టే కనిపిస్తుంది, చాలాసార్లు తర్వాత చచ్చిపోతుంది. జూలై, ఆగస్టుల్లో బాస్ మీదే ఉండండి.

వచ్చే పాఠం లోపు మీకు దగ్గర్లో ఉన్న చెరువులో ఐదేసి అడుగులకి వేడి కొలిచి కాగితం మీద రాసి ఉంచుకోండి. దాన్ని పక్కన పెట్టుకునే, ఒడ్డు మీద ఎక్కడ నిలబడాలో, గాలి ఎటు వీస్తే ఎటు విసరాలో చూద్దాం.