పేద దేశం నుంచి సరుకు వస్తే చాలదు: సుంకం మినహాయింపుకు దరఖాస్తు విధానం

‘ఆఫ్రికా సరుకే కదా, సుంకం పడదులే’ అనుకుని ఆర్డరు పెట్టేసే తెలుగు వ్యాపారులు చెన్నై జార్జ్‌టౌన్‌లో ఇప్పటికీ ఉన్నారు. టాంజానియా లవంగాల విషయంలో ఆ మాటకు కొంత ఆధారం ఉంది. పక్కనే ఉన్న కెన్యా సరుకుకు అది పనిచేయదు.

2008 నుంచి మన దేశం అమలు చేస్తున్న డీఎఫ్‌టీపీ (పేద దేశాల సరుకుకు దిగుమతి సుంకం ఎత్తేసే లేదా తగ్గించే) పథకం ఐక్యరాజ్యసమితి గుర్తించిన అత్యంత వెనుకబడిన దేశాలకే వర్తిస్తుంది. తలసరి ఆదాయం, ఆరోగ్యం–చదువు, ఆర్థిక–పర్యావరణ దుర్బలత్వం అనే మూడు కొలతలతో ఆ జాబితాను మూడేళ్లకోసారి సమీక్షిస్తారు. కెన్యా అందులో లేదు. 2023 డిసెంబరులో భూటాన్ ఆ జాబితా నుంచి బయటికొచ్చింది. జాబితాలో ఉన్న దేశమైనా పథకంలో చేరతానని భారత ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి, ధ్రువపత్రాలు జారీచేసే తన అధికారుల సంతకాలు, ముద్రల నమూనాలు పంపాలి. కాబట్టి మీరు చూడవలసింది కస్టమ్స్ నోటిఫికేషన్ 96/2008లోని దేశాల పట్టిక, అదీ తాజా సవరణలతో. పాత ఫోటోకాపీని నమ్ముకోవద్దు.

ఆ తరువాత సరుకు సంగతి. 2014 విస్తరణతో 98 శాతానికి పైగా సుంకపు పద్దులు పథకం కిందికి వచ్చాయి. అయినా కొన్నిటికి పూర్తి మినహాయింపు లేదు, కొన్నిటికి అసలే లేదు. మీ సరుకు హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వర్గీకరణ సంఖ్య) ఎక్కడ పడుతుందో బేరం కుదరకముందే చూసుకోండి.

అమ్మకందారు అక్కడి అధికార సంస్థ నుంచి ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఆ దేశానిదేనని చెప్పే ధ్రువపత్రం) తెప్పించాలి. సరుకు నేరుగా రావాలి. దారిలో కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారినా ఫర్వాలేదు గానీ, అక్కడ అమ్మకానికి పెట్టకూడదు, దించి ఎక్కించి భద్రపరచడం తప్ప మరే పనీ చేయకూడదు. అందుకు ఆధారం బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ రవాణా పత్రంలో, కనిపించాలి.

కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి ప్రకటన) దాఖలు చేసేటప్పుడే మినహాయింపు కోరాలి. సర్టిఫికెట్ సంఖ్య, తేదీ, జారీచేసిన సంస్థ, మూలం నిర్ణయించిన ప్రాతిపదిక అక్కడే నింపి, పత్రాలను ఈ-సంచిత్‌లో (కస్టమ్స్ ఆన్‌లైన్ పత్రాల వ్యవస్థ) ఎక్కించాలి. కొట్టివేతలుండి వాటిపై జారీ అధికారి ధ్రువీకరణ లేకపోతే సర్టిఫికెట్‌ను పక్కన పెట్టేస్తారు.

చాలామంది తడబడేది 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న కారోటార్ నిబంధనల (సరుకు ఏ దేశానిదో దిగుమతిదారు రుజువు చేయాలనే కస్టమ్స్ నియమాల) దగ్గరే. సరుకు ఎలా తయారైందో, ఏ భాగం ఎక్కడిదో తెలిపే ఫారం-1 సమాచారం దిగుమతిదారు చేతిలో ఉండాలి. ‘అమ్మినవాడికే తెలుసు’ అంటే అధికారి ఒప్పుకోరు. అడిగితే 10 పనిదినాల్లో ఇవ్వాలి, కాగితాలు ఐదేళ్లు దాచాలి. అనుమానం వస్తే విషయం ఎగుమతి దేశానికి పరిశీలనకు వెళుతుంది. ఈలోగా సరుకు విడిపించుకోవాలంటే సుంకం తేడా మేరకు హామీ కట్టాలి.

సుంకం సున్నా అయినా ఐజీఎస్టీ (దిగుమతులపై పడే జీఎస్టీ) తప్పదు. ఆ డబ్బు ముందే సిద్ధం చేసుకోండి.