‘బ్లూ మండే’ రికార్డుకు సూది దించే ముందు

ఇంగ్లండ్ బ్యాండ్ న్యూ ఆర్డర్ వాళ్ల పాట ‘బ్లూ మండే’ 1983లో వచ్చింది. దాన్ని రీమాస్టర్ చేసి మళ్లీ వేసిన 12 అంగుళాల సింగిల్ కోసం నేను చాలా రోజులు ఎదురుచూశాను. అది ఏప్రిల్‌లో పద్మారావు నగర్‌లోని మా ఇంటికి చేరింది. తెచ్చినాయన దాన్ని గేటు పక్కన ఎండలో పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం ప్లేయర్ మీద పెడితే అంచు పైకీ కిందికీ ఊగింది. ప్రాణం ఉసూరుమంది. రెండు మందపాటి అద్దాల మధ్య ఉంచి, పైన బరువైన పుస్తకాలు పేర్చి మూడు వారాలు కదపలేదు. చాలావరకు సర్దుకుంది, కొంచెం మిగిలింది. అందుకే చెబుతున్నాను, మన ఎండాకాలంలో రికార్డు తెప్పించుకుంటే పార్సిల్ వచ్చే రోజు పక్కింటివాళ్లకైనా చెప్పి ఉంచండి. కారులో మాత్రం వదలకండి.

తర్వాత వేగం. 12 అంగుళాల సింగిల్స్‌లో నిమిషానికి 45 చుట్లు తిరిగేవీ ఉంటాయి, 33⅓ తిరిగేవీ ఉంటాయి. లేబుల్ చూసి మీట మార్చండి. రికార్డు అంచు దగ్గర చిన్న కాగితం ముక్క పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుపుతూ చుట్లు లెక్కపెట్టండి. 33⅓ అయితే మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన పాత ప్లేయర్ అయితే ఇంకా జాగ్రత్త. కోఠి గుజరాతీ గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టినా అది వోల్టేజీని 110కి దించుతుందే కానీ, మన 50 హెర్ట్జ్ కరెంటును 60 చేయదు. కొన్ని పాత మోటార్లు ఆ హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతాయి. అప్పుడు 33⅓ కాస్తా 28 దగ్గర ఆగుతుంది, పాట నీరసంగా సాగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం సూది బరువు, అంటే సూది రికార్డును నొక్కే బరువు. ముందు సూది ఉండే ఆర్మ్ గాలిలో సమంగా తేలేలా వెనక బరువు తిప్పి, అక్కడ అంకెను సున్నా చేసి, తర్వాత కావలసినంత పెంచాలి. ఆర్మ్ చివర సూదిని పట్టుకునే ముక్క కార్ట్రిడ్జ్. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్‌కి 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. మీ కార్ట్రిడ్జ్ కాగితంలో ఎంత రాసి ఉంటే అంత. నేను బంగారం తూచే చిన్న డిజిటల్ కాంటాతో మళ్లీ సరిచూస్తాను. తక్కువ బరువు మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు చాలకపోతే సూది గాడిలో కుదురుగా నిలవక, గాడి గోడలను కొట్టి పాడు చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక పాట వేయండి. గొంతు వినిపించడానికి రెండు నిమిషాలు పైనే పడుతుంది. అంతవరకు ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషిన్, సింథసైజర్లు. మొదట వచ్చే ఆ ఒంటరి కిక్ డ్రమ్ దెబ్బలే మీకు పరీక్ష. దెబ్బ గట్టిగా, గుండ్రంగా తగలాలి. బరబరమంటే బరువు మళ్లీ చూడండి. మెషిన్ దెబ్బలు కాబట్టి సమంగా రావాలి, తడబడితే ప్లేయర్‌ని తిప్పే బెల్టు సాగి ఉండవచ్చు. అసలు బేసే లేకుండా సన్నగా, చిన్నగా వినిపిస్తే ఫోనో ప్రీఆంప్ లేకుండా నేరుగా ఆంప్లిఫయర్ ఆక్స్‌లో పెట్టారన్నమాట. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి కోస్తారు, దాన్ని తిరిగి పెంచేది ఆ ప్రీఆంపే.

కొత్త రికార్డు మీద కూడా కవరు కాగితపు నూగు ఉంటుంది. కార్బన్ ఫైబర్ బ్రష్ చాలు. తడి తుడుపు కావాలంటే బోరు నీళ్లు వద్దు, తెల్లటి ఉప్పు మరకలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇంట్లో తాతల నాటి 78 రికార్డులుంటే వాటికి స్పిరిట్ అసలు తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

కవరు కూడా జాగ్రత్త. 1983లో డిజైనర్ పీటర్ సావిల్ దాన్ని ఫ్లాపీ డిస్క్‌లా గీశాడు. పేర్లను అక్షరాల్లో కాకుండా రంగుల గడుల్లో దాచాడు. రికార్డును ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పడమటి గోడకు దూరంగా. నాది ఇప్పుడు ఎండ పడని తూర్పు గదిలో, బీరువా పక్కన ఉంది.